ఖమ్మం వస్తే నయమయ్యే పిస్తోలు

ఖమ్మం చేరగానే జబ్బు నయమైపోయే పిస్తోలును నా సర్వీసు మొత్తంలో ఒక్కదాన్నే చూశాను. చర్లలో ఉన్నన్నాళ్లూ మొండికేసేది. నా బల్ల మీదికి రాగానే ఏమీ ఎరగనట్టు నడిచేది. ఆర్మరర్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు మీరు, కోర్సులో మీకు స్ప్రింగుల గురించీ గాడుల గురించీ బాగానే చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. నేను చెప్పబోయే జబ్బు మాత్రం ఆ పాఠాల్లో లేదు.

ముందు నా సంగతి. మా అబ్బాజాన్ ఖమ్మం బజారులో తాళాలు, కుట్టుమిషన్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. నేను పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే ఉద్యోగంలో చేరితే ఆయన పెద్దగా మురిసిపోలేదు. "తాళమైతే బాగయ్యిందో లేదో గిరాకీ ముందటే తెలుస్తది. తుపాకి సంగతి ఎప్పుడు తెలుస్తది?" అన్నాడు. ఆయన మాటకు జవాబు చర్లలో దొరుకుతుందని అప్పుడు నాకేం తెలుసు! శాఖలో నన్ను చిన్నా పెద్దా అందరూ ఉస్తాద్ అనేవారు. అది గౌరవమో, పని జల్దీ చేయించుకునే ఉపాయమో రిటైరయ్యాక కూడా తేలలేదు.

చర్లకు ఒక ఎస్సై మేడం వచ్చారు. చిన్న వయసు. ఇల్లెందు వైపు ఒక తండా పిల్ల. ఆ తండాలో అంతకుముందు ఖాకీ వేసుకున్నవాళ్లు లేరు. అడవి పోస్టింగ్ అంటే చాలామంది అప్పుడే పైరవీ మొదలుపెడతారు. ఈవిడ మాత్రం కావాలని అడిగి తీసుకున్నారు. అవతల ఛత్తీస్‌గఢ్, ఇవతల గూడేలు, మధ్యలో రోడ్డు అనబడే గుంటలు. ఆ గుంటల్లో బైకు మీద తిరిగి, పోడు గొడవలు స్టేషన్ దాకా రాకముందే తీర్చేవారు. ఆడవాళ్లు భయం లేకుండా వచ్చి మాట్లాడేవారు. మేడం అక్కడే ఉండాలని గూడేల్లో కోరుకునేవారు. మేడం కూడా అదే కోరుకున్నారు.

కోరుకోనిది ఒక్కరే, మేడం వాళ్ల అమ్మ. కూతురు ఒక్కతే అడవిలో ఎట్లా ఉంటుందని వెంట వచ్చింది. మిర్చి ఏరే రోజులకు తిరిగి పోతానంది. మిర్చి ఏరడం అయిపోయింది, అమ్మడం కూడా అయిపోయింది, ఆవిడ మాత్రం పోలీసు క్యాంపు కంచె లోపలి క్వార్టర్లోనే ఉండిపోయింది. రోజూ పొద్దున బిడ్డ బయటికి పోతుంటే మొక్కే మొక్కు ఒక్కటే, జల్దీ ట్రాన్స్‌ఫర్ కావాలని. ఆ మొక్కు సంగతి క్యాంపులో కుక్కకు కూడా తెలుసు.

చలికాలం మొదట్లో జబ్బు బయటపడింది. పొద్దున్నే ఫైరింగ్ ప్రాక్టీసు. మేడం ఒక గుండు కాల్చారు, పిస్తోలు ఆగిపోయింది. పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగాన్ని స్లైడ్ అంటారు. గుండు పేలినప్పుడల్లా అది వెనక్కి వెళ్లి, ఖాళీ తూటాను విసిరేసి, కొత్తదాన్ని లోపలికి తోస్తూ ముందుకు రావాలి. మేడం పిస్తోలులో అది వెనక్కి వెళ్లింది గానీ ముందుకు సగమే వచ్చి ఆగింది. అట్లా సగంలో ఆగిన పిస్తోలు పేలదు, చేతిలో ఉన్నా లేనట్టే.

సరే, నా దగ్గరికి పంపారు. విప్పి చూశాను. అద్దంలా ఉంది. మేడం పద్ధతి గల మనిషి, ఆర్మరీకి పంపే ముందు పిస్తోలును తుడిచి తళతళలాడించి పంపేవారు. దవాఖానాకు తీసుకుపోయే ముందు పిల్లకు తానం చేయించి, తల దువ్వి, పౌడర్ రాసే తల్లులుంటారే, ఆ రకం. స్లైడ్ లాగాను, వదిలాను. టక్కుమని ముందుకొచ్చింది. ఎన్నిసార్లు లాగినా టక్కుమనే వచ్చింది. అయినా ఉత్త చేతులతో పంపితే బాగుండదని స్ప్రింగ్ మార్చి పంపాను.

వారం తిరక్కుండా మళ్లీ ఆగింది. ఈసారి తూటాలు నింపే మ్యాగజైన్ మార్చాను, గాడులు పాలిష్ చేశాను. ఖమ్మంలో గంతులేసింది. చర్ల వెళ్లి నాలుగు రోజులుండి మళ్లీ పడకేసింది.

అప్పుడే క్యాంపులో మాటలు మొదలయ్యాయి. పిస్తోలు ఖమ్మంలో బాగుండి చర్లలో ఆగుతుందంటే తప్పు పిస్తోలుది కాదట, చేతిదట. "ఆడమనిషి చెయ్యి గద, గట్టిగ పడ్తలేదు" అని ఎవరో అన్నారు. ఆ ముక్క భద్రాచలం దాకా పోయి అక్కడ మేడంకు పై అధికారి అయిన పెద్దసారు చెవిన పడింది. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ ఏదైనా అనుకున్నాడంటే జీవో వచ్చినా మార్చుకోడు. "ఇన్‌స్పెక్షన్‌కు నేనే వస్త. నా ముందల గూడ ఆగిందనుకో, మేడంను ఖమ్మం ఆఫీసుల కూసోబెడ్త. గా చేతులకు ఫైళ్లే మంచిగుంటయి" అన్నాడట. పేరుకు ఎగతాళి, కానీ మాట మాటే. పైగా ఆయుధం పట్టడం రాదని ఒకసారి పేరు పడితే ఆ ఆడపిల్లకు మళ్లీ ఎవరు స్టేషన్ ఇస్తారు?

మేడం నాకు ఫోన్ చేశారు.

"ఉస్తాద్ చాచా, నిజం చెప్పుండ్రి. నా చెయ్యే సరిగ లేదా?"

"చెయ్యి బంగారం లెక్కున్నది మేడం. ఆ చలికి నూనె ఎండిపోతున్నట్టున్నది. రోజూ నూనె పెట్టుండ్రి, మర్వకుండ."

"రోజూ పెడ్తనే ఉన్న."

"అయితే ఇంకింత పెట్టుండ్రి."

ఈ సలహా గుర్తుంచుకోండి పిల్లలూ. ఫోన్లో రోగం చూసి ఫోన్లోనే మందు రాసే డాక్టర్లను నేను ఊరంతా తిట్టేవాణ్ణి.

ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. ఆ పిస్తోలు మళ్లీ నా బల్ల మీదే ఉంది, మళ్లీ దివ్యంగా నడుస్తోంది. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండింది. నువ్వు చర్లలోనే కదా ఏడుస్తావు, పద, అక్కడే చూసుకుందాం అనుకుని ముందురోజే జీపెక్కాను. డ్రైవర్ నాకంటే కాస్త చిన్నవాడు, నోరు మాత్రం చాలా పెద్దది. "దునియాల పేషెంట్ దవాఖానకు పోతడు. మన కాడ డాక్టరే పేషెంటును సంకనేస్కోని ఊరికి తోల్కపోతుండు" అని కొత్తగూడెం దాకా నవ్వాడు. భద్రాచలం బ్రిడ్జి దాటి చర్ల రోడ్డు ఎక్కాక గుంటలు వాడి నవ్వును ఆపాయి. ఆ రోడ్డుకు నేను రుణపడి ఉన్నాను.

క్యాంపు గేటు దగ్గర మేడం ఎదురొచ్చారు. పిస్తోలు చేతికిచ్చి, నా ముందరే స్లైడ్ లాగించాను. బ్రహ్మాండంగా ఉంది. లోపలికి నడుస్తూ ఆవిడ గొంతు తగ్గించారు.

"చాచా, ఇంట్ల ఖమ్మం మాట ఎత్తకుండ్రి. పిస్తోలు ఆగితే నన్ను ఆఫీసుకు పంపుతరని మా యాడికి ఎరుక లేదు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"చెప్తే ఏమైతది?"

"ఏమైతదా? ఇన్‌స్పెక్షన్ నాడు పెద్దసారుకు దండేసి, నన్ను చెయ్యిపట్టుకోని జీపుల కూసోబెడ్తది."

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే భోజనం. జొన్నరొట్టె, పచ్చిమిర్చి నూరిన కారం. నేను ఖమ్మం కారం తిని పెరిగినవాణ్ణి, అయినా రెండో ముద్దకు కళ్ల నీళ్లు కారాయి. మేడం వాళ్లమ్మ పొయ్యి దగ్గర్నుంచే చూసి "ఏంది భాయ్, తుపాకులకు భయపడవు గని మిరపకాయకు ఏడుస్తున్నవు" అంది. చెంబెడు మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. భోజనమయ్యాక మేడంకు మళ్లీ పాఠం చెప్పాను. చలికాలం ఆయుధం పొడిబారనివ్వొద్దు, రోజూ చుక్క నూనె తప్పదు అని. పొయ్యి దగ్గర్నుంచి మాట వచ్చింది.

"చుక్కేంది భాయ్? ఇనుముకు నూనె కాడ పీనాసితనం చెయ్యొద్దు."

"అవ్ అక్కా, మంచి మాట చెప్పినవు" అని నేను ఒప్పుకున్నాను. ఇంట్లో ఒక్కరికైనా నా పని విలువ తెలిసిందని సంతోషించాను కూడా.

మేడం మ్యాగజైన్ తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. పిస్తోలును గూట్లో పెట్టారు. నేను పోయి కానిస్టేబుళ్ల బ్యారక్‌లో పడుకున్నాను.

పొద్దున లేచేసరికి పొగమంచు. కంచె అవతలి చెట్లు కూడా కనిపించడం లేదు. దుప్పటి కప్పుకునే గుండ్లు కాల్చే రేంజికి పోయాను. మేడం అప్పటికే వచ్చి ఉన్నారు. పిస్తోలు తీసుకుని స్లైడ్ వెనక్కి లాగి వదిలాను.

సగం వచ్చి ఆగింది.

మళ్లీ లాగాను. మళ్లీ సగమే. నా చేతిలో! నిన్న నేనే నూనె పెట్టి నేనే చూసిచ్చిన పిస్తోలు! వెనుక నలుగురు కానిస్టేబుళ్లు ముసుగుల్లోంచి చూస్తున్నారు. మేడం నా వైపు చూశారు, వాళ్ల వైపు చూశారు. అన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడ మొహం మీద నవ్వొచ్చింది.

"చాచా, మీది గూడ లేడీస్ చెయ్యేనా?"

ముసుగులు అటు తిరిగాయి. ఆ తర్వాత ఆ క్యాంపులో ఆడమనిషి చెయ్యి అన్న మాట వినబడలేదని విన్నాను.

నవ్వు నవ్వే, కానీ పెద్దసారు వచ్చే వేళవుతోంది. జీపు బానెట్ మీద గుడ్డ పరిచి పిస్తోలు విప్పాను. స్లైడ్ జారే గాడుల్లో పసుపూ తెలుపూ కలిసిన మైనం లాంటిది గట్టిగా కూరుకుని ఉంది. పేరిన నెయ్యి రంగు. నా నూనె పల్చగా నీళ్లలా ఉంటుంది, ఏ చలికీ గడ్డకట్టదు. ఇదేమిటి? వేలితో గీకి వాసన చూశాను. ఒక రకం చేదు వాసన. ఎక్కడో తెలిసిన వాసనే. మేడం కూడా వాసన చూశారు. ఆవిడ మొహం మారిపోయింది. క్వార్టర్ వైపు తిరిగి గట్టిగా కేకేశారు.

"యాడీ!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముక్కలు చేసిన పిస్తోలును చూసి "అయ్యో, ఇరిగిపోయిందా?" అంది.

"దీనికి నూనె పెట్టినవా?"

"పెట్టిన. రోజూ పెడ్త." ఆవిడ ఛాతీ విరుచుకుని మరీ చెప్పింది. "నువ్వు కండ్లు మూతలు పడంగ పడంగ ఇంత రాసి పంటవు. నేను లేసి, సందు ఎక్కడుంటె అక్కడ పోస్త. లోపలికి దిగాలె గద!"

"ఏం నూనె అక్కా?" అన్నాను నేను.

లోపలికి పోయి డబ్బా తెచ్చింది. ఇప్పనూనె. ఇప్ప పలుకులను గానుగాడి తీసేది. చర్ల సంతలో గూడేల ఆడవాళ్లు అమ్ముతారు. ఒంటికి రాసుకుంటారు, దీపానికి పోస్తారు. గొడ్డలికీ కొడవలికీ రాస్తే వానాకాలమంతా తుప్పు పట్టదు. అందులో అబద్ధమేమీ లేదు, మంచి నూనె. కాకపోతే చలి తగిలితే పేరుకుంటుంది. గొడ్డలికి పేరుకుంటే నష్టమేముంది? అది జరగాల్సిన పని లేదు. స్లైడ్ జరగాలి.

ఇక జబ్బంతా విప్పి చెప్పినట్టయింది. పొద్దున గడ్డకట్టి పిస్తోలును పట్టేస్తుంది. ఎండెక్కితే కరుగుతుంది. కరిగాక మేడం తుడిచి పంపుతారు. తుడిచేటప్పుడు జిడ్డు తగిలేదట, అది తాను పెట్టిన నూనే అనుకున్నారట. ఖమ్మంలో నాకు తానం చేసిన పిల్ల చేరుతుంది. నేను పరీక్ష చేసి ఫోన్లో చెబుతాను, ఇంకింత నూనె పెట్టండి అని. ఆ మాట విని ఈ అక్క ఇంకింత పోస్తుంది.

"ఎవరు పెట్టమన్నరు యాడీ నిన్ను?" మేడంకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

ఆవిడ నా వైపు వేలు చూపింది. "ముందుగాల గొడ్డలికి పెట్టినట్టె పెడ్తుంటి. ఇంకింత పెట్టమని గీ భాయే గద నీ ఫోన్ల చెప్పిండు, పక్కనుండి ఇన్న! రోజూ పెట్టమన్నడు. రాత్రి గూడ అవ్ అక్కా అన్నడు. పిస్తోలు నడిస్తెనే నా బిడ్డ సాయంత్రం ఇంటికొస్తది. గది ఆగితె నేనేం జేసుకోవాలె?"

డ్రైవర్ వెళ్లి జీపు పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. ఎగతాళి లేకుండా వాడు పని అందుకోవడం నేను చూసింది అప్పుడే.

జీపులోంచి పెట్రోలు తీశాం. గాడుల్లోకి పోయే సన్న బ్రష్ ఖమ్మంలో మర్చిపోయి వచ్చాను. డ్రైవర్ తన కోసం కొత్త టూత్‌బ్రష్ తెచ్చుకున్నాడు, దాన్ని అడగకుండానే తీసుకున్నాను. మేడం వాళ్లమ్మ తన పాత లంగా చింపి గుడ్డలు చేసింది. పక్కన కూర్చుని గాడుల్లో గుడ్డ తిప్పింది. తన నూనెను తానే తుడుస్తూ "మంచి నూనె, సంతల పోయి తెస్తి" అని మధ్యమధ్య గొణిగింది. ఆఖర్న నా సీసాలోంచి నేను ఒక్క చుక్క వేశాను. ఆవిడ ఆ చుక్కను చూసి మొహం అదోలా పెట్టింది.

పొగమంచు విడవకముందే పెద్దసారు జీపు దిగాడు. టీ కూడా తాగకుండా రేంజికి వచ్చాడు. "ఏం ఉస్తాద్, పేషెంట్ ఎట్లున్నది?" అన్నాడు. మేడం ముందుకొచ్చి నిలబడ్డారు. నేను లోపల దువా చేసుకుంటున్నాను. మా అబ్బాజాన్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. తుపాకి బాగయ్యిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది? ఇదిగో, ఇప్పుడే.

మొదటి గుండు. స్లైడ్ వెనక్కి వెళ్లింది, టక్కుమని వచ్చింది. రెండోది. మూడోది. మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా మేడం ఆపలేదు. ఇంకో మ్యాగజైన్ పెట్టి అదీ ఖాళీ చేశారు. అడవిలో పిట్టలన్నీ లేచాయి. బోర్డు దగ్గరికి పోయి పెద్దసారు చాలాసేపు చూశాడు. గుండ్లన్నీ మధ్యలోనే ఉన్నాయి.

"మరి ఇన్నాళ్లు ఏమైంది ఉస్తాద్?"

"నూనె సార్. చలికి గడ్డకట్టింది."

"ఏం నూనె?"

నేను నీళ్లు నమిలాను. మేడం నమల్లేదు.

"ఇప్పనూనె సార్. మా అమ్మ పెట్టింది, నాకు తెల్వకుంట. ఇంట్ల పిస్తోలుకు తాళం వెయ్యకపోవుడు నా తప్పు సార్."

గట్టెక్కాం అనుకుంటే ఈ పిల్ల మళ్లీ నీళ్లలోకి దూకిందేమిట్రా అనుకున్నాను. పెద్దసారు ఆవిణ్ణి చూశాడు. కంచె దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ తల్లిని చూశాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

"తాళం ఇయ్యాల్టి నుంచే వెయ్యాలె. మళ్లొకసారి గిట్ల వింటె మాటలుండయి, కాగితం మీద రాతనే." ఆ మాట గట్టిగానే అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు. "ఏమమ్మా, నీ నూనె దెబ్బకు నీ బిడ్డను ఖమ్మం ఆఫీసుకు పంపేటోణ్ణి. ఎట్లనో తప్పించుకున్నది. ఇగ ఇక్కడనే ఉంటది, పో."

ఆవిడకు సగం మాటే చెవికెక్కింది.

"ఖమ్మమా? ఖమ్మమేంది?"

ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"భాయ్, పిస్తోలు ఆగితె దీన్ని ఖమ్మం పంపుతుండెనా? కుర్సీల కూసునే పనికా?"

"అవ్ అక్కా."

"అడవి ఉండదు?"

"ఉండదు."

"రాత్రిపూట బండేసుకోని పోవుడు ఉండదు?"

"ఉండదు అక్కా."

ఆవిడ చేతిలోని డబ్బా వైపు చూసింది. బానెట్ మీద మెరుస్తున్న పిస్తోలు వైపు చూసింది. ఏడాది పొడుగునా దేవుళ్లకు మొక్కిన మొక్కు తన చేతిలోని డబ్బాలోనే ఉందని, దాన్ని తానే లంగా గుడ్డతో తుడిచి పారేసిందని అప్పుడు తెలిసింది.

"గీ ముచ్చట నాకు ముందుగాల చెప్పొద్దా భాయ్!" అంది. ఇక చూడండి, రేంజి రేంజంతా నవ్వు. పెద్దసారు టోపీ తీసి మొహం కప్పుకున్నాడు. డ్రైవర్ జీపును పట్టుకుని కిందికి జారాడు. మేడం ఒక్కరే నవ్వలేదు. వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వాళ్ల భాషలో ఏదో చెప్పారు, అమ్మ ఏదో అంది. నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు.

నేను ఆ తర్వాత కొన్నాళ్లకే రిటైరయ్యాను. ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. చలికాలం పొద్దున నా మోకాళ్లు వెనక్కి మడుచుకుంటాయి గానీ ముందుకు సగమే వస్తాయి. మా బేగం ఇప్పనూనె డబ్బాను కిటికీలో ఎండకు పెట్టి, కరిగాక ఇస్తుంది. "రాసుకోండి, పదకొండింటికి మీ స్లైడ్ నడుస్తది" అంటుంది. ఎంత ఉస్తాదుకైనా ఇంట్లో ఇదే మర్యాద. నూనె అయిపోతే భద్రాచలం నుంచి తెప్పించి అదే డబ్బాలో పోస్తాం.

ఆ డబ్బా చర్లదే. ఆ రోజు జీపు బయల్దేరుతుంటే మేడం వాళ్లమ్మ కంచె దాకా పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. మూత గట్టిగా బిగించి, పైన గుడ్డ కట్టి ఉంది. ఎందుకక్కా, ఇంట్లో వాడుకోరాదా అన్నాను.

"వద్దు భాయ్, తీస్కపో. ఇది ఇంట్లుంటె నా చెయ్యి ఊకోదు." కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురున్న వైపు ఒకసారి చూసి మళ్లీ నా వైపు తిరిగింది. "నా మాట అదెట్లాగు ఇనదు. దాని మాట పిస్తోలన్న ఇననీ."